‘ఆల్మోస్ట్’ ఒక్క అడుగు ముందుకు జరిగితే తొమ్మిది రిపోర్టులు ఏమైపోయాయి?

గాజువాక నుంచి రాసిన మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇది: “పది రిపోర్టుల్లో తొమ్మిది పూర్తి చేశానని చెప్పబోయి, నెలాఖరు మెయిల్లో ‘ఐ ఆల్మోస్ట్ కంప్లీటెడ్ ఆల్ టెన్ రిపోర్ట్స్’ అని రాశాను. మేనేజరు గారు ‘అంటే ఒక్కటీ అవలేదా?’ అని అందరి ముందూ అడిగారు. తెలుగులో ‘దాదాపు’ ఎక్కడ పెట్టినా ఒకటే కదా. ఇంగ్లీషులో ఒక్క మాట అటూ ఇటూ అయితే అర్థం ఎందుకు మారిపోతుంది? ఎక్కడ పెట్టాలో తెలుసుకునే దారి ఏదైనా ఉందా?”

నేను ఇంగ్లీషు మాస్టారిని కాను. ఇరవై రెండేళ్లు విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో ఓడల కాగితాలు రాశాను. రిటైరయ్యాక మద్దిలపాలెంలో మా ముందుగదిలో సాయంత్రాలు పదిమంది పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. కాబట్టి వ్యాకరణం పుస్తకం తిరగేసి కాకుండా, తిన్న చివాట్లు గుర్తు చేసుకుని రాస్తాను.

ముందు మీ మేనేజరు గారి వైపు నుంచి చూద్దాం. అందరి ముందూ అడగడం బాగోలేదు గానీ, ఆయన చదివినదాంట్లో తప్పు లేదు. మీ వాక్యంలో ‘ఆల్మోస్ట్’ వెళ్లి ‘కంప్లీటెడ్’ పక్కన కూర్చుంది. అంటే ‘దాదాపు’ అన్నది పూర్తిచేయడానికి తగులుకుంది. పది రిపోర్టులూ చివరిదాకా వచ్చాయి, ఏదీ ముగియలేదు అని ఆయన చదువుకున్నారు. మీరు ‘దాదాపు’ అనాలనుకున్నది పనిని గురించి కాదు కదా, లెక్కను గురించి. అప్పుడు ‘ఐ కంప్లీటెడ్ ఆల్మోస్ట్ ఆల్ టెన్ రిపోర్ట్స్’ అనాలి. ఒక్క అడుగు కుడివైపుకి జరిగితే ఆ తొమ్మిదీ మీ ఖాతాలో పడేవి.

డబ్బుతో చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కే తోపులాటలో ఎవడో మీ జేబులో చెయ్యి పెట్టాడనుకోండి. మీరు వాడి చెయ్యి పట్టేసుకున్నారు. ఇంటికొచ్చి ‘ఐ ఆల్మోస్ట్ లాస్ట్ ఫైవ్ థౌజండ్ రుపీస్’ అంటారు. డబ్బు పైసాతో సహా జేబులోనే ఉంది. అదే ‘ఐ లాస్ట్ ఆల్మోస్ట్ ఫైవ్ థౌజండ్ రుపీస్’ అంటే 4,800 ఎగిరిపోయాయి, ఇంట్లో అన్నం సహించదు. ఉన్నవి అవే మాటలు.

ఇప్పుడు మీ ప్రశ్నలో నేను ఒప్పుకోని ముక్క ఒకటి ఉంది. తెలుగులో ఎక్కడ పెట్టినా ఒకటే అన్నారు. నిజంగానా? ‘దాదాపు పది రిపోర్టులు పూర్తి చేశాను’, ‘పది రిపోర్టులు దాదాపు పూర్తి చేశాను’. రెండూ పైకి చదవండి. మొదటిది లెక్క, రెండోది పని. మీ మేనేజరు అడిగిన ప్రశ్న తెలుగులోనూ అడగొచ్చు. పైగా పనికి తగిలే ‘ఆల్మోస్ట్’ని మనం మామూలుగా ‘దాదాపు’ అనం. దాన్ని క్రియలోనే కలిపేస్తాం. ‘డబ్బు పోయినంత పనైంది’, ‘మెట్ల మీద పడబోయాను’ అంటాం. ‘దాదాపు పడ్డాను’ అని మా వీధిలో ఎవరైనా అంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలా అని చూస్తారు. కాబట్టి రాసేముందు మనసులో ఒకసారి తెలుగులో అనుకోండి. ‘చేసినంత పనైంది’ అని వస్తే ‘ఆల్మోస్ట్’ క్రియ ముందు పెట్టండి. ‘దాదాపు అన్నీ’, ‘ఇంచుమించు ఐదువేలు’ అని వస్తే ఆ లెక్క ముందు పెట్టండి. ‘నియర్లీ’కి కూడా ఇదే లెక్క.

మరి తెలుగులో మనకి ఈ చిక్కు ఎందుకు తక్కువగా కనిపిస్తుంది? మన మాటలకి తోకలున్నాయి కాబట్టి. ‘రాము సీతని చూశాడు’ని ‘సీతని రాము చూశాడు’ అన్నా చూసింది రామే. ఆ ‘ని’ ఎక్కడికెళ్లినా సీతకి అంటుకునే వెళుతుంది. ఇంగ్లీషులో ‘రామ’ని, ‘సీత’ని అటూ ఇటూ మార్చండి, చూసినవాళ్లు మారిపోతారు. అక్కడ ఎవరు ఏమిటన్నది కుర్చీని బట్టి. క్రియావిశేషణాల సంగతీ అంతే. మనకి ‘ఏ’ ఉంది, ‘కూడా’ ఉంది, ‘మాత్రం’ ఉంది. అవి ఏ మాట తాలూకువో ఆ మాట తోకకే అంటుకుంటాయి. ఇంగ్లీషులో ‘ఓన్లీ’, ‘ఈవెన్’, ‘జస్ట్’ విడిగా నిలబడతాయి. విడిగా నిలబడ్డవాడు ఎవరి తాలూకు మనిషో పక్కన ఎవరున్నారో చూసే కదా చెప్పాలి. రాతలో అవి మామూలుగా తమ తర్వాత వచ్చే మాటని పట్టుకుంటాయి.

మా పిల్లలకి ఎప్పుడూ ఒకే వాక్యంతో మొదలుపెడతాను. ‘మై బ్రదర్ బాట్ ఫిష్ ఫర్ మై మదర్ ఆన్ సండే.’ అన్నయ్య ఆదివారం అమ్మకోసం చేపలు కొన్నాడు. ఫిషింగ్ హార్బరుకి వెళ్లాడనుకుందాం. ఇప్పుడు ‘ఓన్లీ’ని మొదట్లో పెట్టండి. ‘ఓన్లీ మై బ్రదర్ బాట్ ఫిష్’ అంటే అన్నయ్యే కొన్నాడు, తమ్ముళ్లిద్దరూ చేతులూపుకుంటూ వచ్చారు. ‘బాట్ ఓన్లీ ఫిష్’ అంటే చేపలే కొన్నాడు, రొయ్యలు మర్చిపోయాడు. ‘ఓన్లీ ఫర్ మై మదర్’ అంటే అమ్మకే, వదిన మొహం మాడ్చుకుంది. ‘ఓన్లీ ఆన్ సండే’ అంటే ఆదివారమే, మిగతా వారమంతా పప్పుచారే. ప్రతిదానికీ తెలుగులో ‘ఏ’ ఎక్కడికి మారిందో గమనించండి: అన్నయ్యే, చేపలే, అమ్మకే, ఆదివారమే. తెలుగులో ‘ఏ’ ఏ మాట వెనక వస్తుందో ఇంగ్లీషులో ‘ఓన్లీ’ ఆ మాట ముందు వస్తుంది. మీరడిగిన దారి ఇదే. నాకు ఇంతకంటే పనికొచ్చే సూత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఒక చోటు మిగిలింది, క్రియ ముందు. ‘మై బ్రదర్ ఓన్లీ బాట్ ఫిష్ ఫర్ మై మదర్ ఆన్ సండే.’ ఇది గోడ మీద పిల్లి. కొన్నాడంతే, వండలేదు అని ఒక అర్థం. చేపలే అని ఇంకో అర్థం. అమ్మకే, ఆదివారమే అనికూడా తీసుకోవచ్చు. మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా ఇక్కడే పెడతారు, ఏ మాట అనాలో దాన్ని ఒత్తి పలుకుతారు. గొంతు ఆ ‘ఏ’ పని చేసేస్తుంది. అందుకని ఎవరైనా ‘ఐ ఓన్లీ వాంట్ టీ’ అంటే తప్పు పట్టకండి. ఇంగ్లండులోనే ఈ పిచ్చి ఉన్నవాళ్లు బోలెడంతమంది ఉండేవారు. 1926లో వచ్చిన వాడుక నిఘంటువులో ఫౌలర్ అనే ఆయన వాళ్లకి గట్టిగానే వడ్డించాడు. ‘అతను ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో’ అన్న వాక్యాన్ని పట్టుకుని, చావడం కంటే ఇంకేం ఘనకార్యం చేస్తాడని ఒకాయన వెటకారం చేశాడట. చదివేవాడికి అర్థంలో తికమక లేనప్పుడు అలా తప్పులు వెతకడం పండితులకి తగదన్నది ఫౌలర్ వాదన. నేనూ ఆయన వైపే. కానీ కాగితానికి గొంతు లేదు. చదివేవాడు ఏ మాట ఒత్తుతాడో మన చేతిలో ఉండదు. డబ్బు, తేదీ, బాధ్యత ఉన్న కాగితంలో ‘ఓన్లీ’ని దాని మాట పక్కనే కూర్చోబెట్టండి.

ఇది నాకు తెలిసొచ్చిన రోజు చెబుతాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ఇన్నర్ హార్బరులో ఒక ఓడకి స్టీలు బిల్లెట్లు ఎక్కిస్తున్నారు. నాలుగు హ్యాచీలు, అంటే ఓడ కడుపులోకి సరుకు దించే వాకిళ్లు. హ్యాచీకో క్రేను, క్రేన్లు ఓడవే. తెల్లవారుజామున రెండో నంబరు క్రేను మొరాయించింది. నాలుగు గంటల నుంచి ఏడు దాకా ఆ హ్యాచీలో పని ఆగింది. మిగతా మూడూ నడిచాయి. ఓడ వెళ్లేముందు ‘స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్’ అని ఒక కాగితం తయారుచేస్తాం. ఓడ ఎప్పుడొచ్చింది, ఎప్పుడు బెర్తుకి కట్టారు, పని ఎప్పుడు మొదలై ఎందుకాగింది, అన్నీ నిమిషాలతో సహా అందులో ఉంటాయి. దాన్నిబట్టే లేటైమ్ లెక్క, అంటే సరుకు ఎక్కించడానికి ఒప్పుకున్న గడువు లెక్క తేలుతుంది. లేటైమ్ దాటితే ఓడవాళ్లకి సరుకువాళ్లు డెమరేజ్ అనే ఆలస్యపు రుసుం కట్టాలి, అదీ డాలర్లలో. నేను రాత్రి డ్యూటీ కళ్లతో టైపుమిషను ముందు కూర్చుని రాసిన లైను ఇది: ‘లోడింగ్ స్టాప్డ్ డ్యూ టు క్రేన్ ట్రబుల్ ఎట్ హ్యాచ్ టూ ఓన్లీ ఫ్రమ్ 0400 టు 0700.’

ఆ ‘ఓన్లీ’ ఎవరిది? నా మనసులో అది ‘హ్యాచ్ టూ’ది. రెండో హ్యాచీలోనే ఆగింది, మిగతావి నడిచాయి అని. సరుకు తాలూకు వాళ్లు దాన్ని వెనక్కి కాకుండా ముందుకి చదివారు. ‘ఓన్లీ ఫ్రమ్ 0400 టు 0700’, అంటే రెండో నంబరు క్రేను మూలంగా లోడింగ్ మొత్తం ఆగింది, నాలుగు నుంచి ఏడు దాకానే ఆగింది అని. ఓడ క్రేను పాడైతే ఆ సమయం లేటైమ్‌లో లెక్కకి రాదు. వాళ్ల చదువు ప్రకారం మూడు గంటలూ తీసెయ్యాలి. ఆ ఓడ అద్దె ఒప్పందంలో, నాలుగు క్రేన్లలో ఒకటి ఆగితే నాలుగో వంతే తీసెయ్యాలని ఉంది. మూడు గంటల్లో నాలుగో వంతు నలభై ఐదు నిమిషాలు. మిగిలిన రెండుంబావు గంటల మీద రెండు వైపుల నుంచీ ఫ్యాక్సుల వర్షం కురిసింది.

మా మేనేజరు గారు శ్రీకాకుళం మనిషి. నన్ను పిలిచి ఆ లైను మీద ఎర్ర పెన్సిలు పెట్టి, “ఏటిది బాబూ? ఈ ఓన్లీ ఇటు తిరిగుందా, అటు తిరిగుందా?” అన్నారు. నేను ఇటే అన్నాను. “నువ్వు ఓడతోపాటు ఎల్లి అందరికీ చెప్తావేటి, ఇటే తిరిగుందని?” ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. చివరికి ట్యాలీ షీట్లు బయటికి తీశారు. నాలుగు నుంచి ఏడు మధ్య మిగతా మూడు హ్యాచీల్లో ఎన్ని స్లింగులు దిగాయో గంటగంటకీ రాసి ఉంది. దాంతో గొడవ సద్దుమణిగింది. తర్వాత ఆయనే నా చేత ఆ లైను తిరగరాయించారు: ‘ఎట్ హ్యాచ్ టూ, లోడింగ్ స్టాప్డ్ ఫ్రమ్ 0400 టు 0700 డ్యూ టు క్రేన్ ట్రబుల్. అదర్ త్రీ హ్యాచెస్ కంటిన్యూడ్.’ చూశారా, ఇందులో ‘ఓన్లీ’ లేనే లేదు. దాన్ని సరైన చోట పెట్టడం ఒక నేర్పు. రెండో వాక్యం రాసి దాని అవసరమే లేకుండా చెయ్యడం ఇంకో నేర్పు. రెండోది ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఇలా రెండు మాటల మధ్య ఇరుక్కుని రెండు పక్కలకీ చూసే క్రియావిశేషణాలని ఇంగ్లీషువాళ్లు ‘స్క్వింటింగ్ మాడిఫయర్’ అంటారు, మెల్లకన్ను మాట అన్నమాట. ‘స్టూడెంట్స్ హూ ప్రాక్టీస్ ఆఫెన్ గెట్ గుడ్ మార్క్స్’ అని రాశారనుకోండి. తరచుగా సాధన చేసేవాళ్లకి మార్కులొస్తాయనా, సాధన చేసేవాళ్లకి తరచుగా మార్కులొస్తాయనా? తెలుగులో ఈ రెండూ రాస్తే ‘తరచుగా’ ఎటుందో దానంతట అదే తెలిసిపోయింది, చూడండి.

‘ఓన్లీ’ దగ్గర ఇంకో మాట. ‘ఐ కేమ్ ఎస్టర్‌డే ఓన్లీ’, ‘హి ఈజ్ లైక్ దట్ ఓన్లీ’ అని మనం అంటుంటాం. బయటివాళ్లు నవ్వుతారు. ఇది తెలివితక్కువతనం కాదు. ‘నిన్ననే వచ్చాను’లో ‘ఏ’ వెనక ఉంది కాబట్టి మనం ‘ఓన్లీ’ని కూడా వెనక కట్టేస్తున్నాం. తెలుగు తోకని ఇంగ్లీషు మాటకి అతికిస్తున్నాం. మనలో మనకి అర్థమవుతుంది కాబట్టి ఇంట్లో, క్యాంటీన్లో నేను పట్టించుకోను. అయితే మన ‘ఏ’ అన్నిసార్లూ ‘ఓన్లీ’ కాదని మాత్రం తెలుసుకోవాలి. ‘ఇప్పుడే వచ్చాను’ అంటే ‘ఐ జస్ట్ కేమ్’ లేదా ‘ఐ హావ్ జస్ట్ కమ్’. ‘అక్కడే ఉంది’ అంటే ‘ఇట్ ఈజ్ రైట్ దేర్’. ‘నేనే చేశాను’ అంటే, ఒంటరిగా అని కాకుండా గొప్పగా చెప్పుకుంటున్నప్పుడు, ‘ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్’.

‘కూడా’ది ఇంతకంటే ప్రమాదం. మన ‘కూడా’ రెండు పనులు చేస్తుంది. ‘నేనూ వస్తాను’ అనే మామూలు ‘కూడా’ ఒకటి. ‘అంతటివాడు కూడా ఓడిపోయాడు’ అనే ఆశ్చర్యపు ‘కూడా’ ఒకటి. ఇంగ్లీషులో మొదటిది ‘టూ’, ‘ఆల్సో’. రెండోది ‘ఈవెన్’. మా ఆఫీసు కుర్రాడొకడు ఓడ కెప్టెనుని పార్టీకి పిలుస్తూ ఎంతో మర్యాదగా ‘ఈవెన్ యు కెన్ కమ్, సర్’ అన్నాడు. వాడి మనసులో ‘మీరు కూడా రండి సార్’. ఆయన చెవిలో పడింది ‘నీలాంటివాడిని కూడా రానిస్తాం’. ఆ పెద్దాయన మంచివాడు కాబట్టి పగలబడి నవ్వి, ‘ఈవెన్ ఐ విల్ కమ్’ అన్నాడు. ‘యు మస్ట్ కమ్ టూ, సర్’ అనుంటే సరిపోయేది.

‘నాట్’ ఉన్న వాక్యాల్లో క్రియావిశేషణం ‘నాట్’కి ముందుందా వెనకుందా అన్నది చూసుకోండి. ‘ఐ రియల్లీ డోంట్ లైక్ ఇట్’ అంటే నాకస్సలు నచ్చలేదు. ‘ఐ డోంట్ రియల్లీ లైక్ ఇట్’ అంటే అంతగా నచ్చలేదు, మొహమాటంగా చెప్పినట్టు. అత్తగారింట్లో ఏదనాలో మీరే తేల్చుకోండి.

దీని బరువు మెమోలకి జవాబు రాసేటప్పుడు తెలుస్తుంది. నాకు తెలిసిన ఒకాయన రిజిస్టరులో సంతకం పెట్టడం మర్చిపోయాడు. మెమో వచ్చింది. జవాబులో ‘ఐ డెలిబరేట్లీ డిడ్ నాట్ సైన్ ది రిజిస్టర్’ అని రాసి తెచ్చి నాకు చూపించాడు. పంపించేశావా అని అడిగాను, లేదన్నాడు, బతికిపోయాం. అక్కడ ‘డెలిబరేట్లీ’ ‘నాట్’ని కూడా తన కిందికి తెచ్చుకుంది: కావాలనే సంతకం పెట్టలేదు. నేరం ఒప్పుకున్నట్టే. ‘ఐ డిడ్ నాట్ డెలిబరేట్లీ మిస్ ది సిగ్నేచర్’ అంటే ‘నాట్’ వెళ్లి ‘డెలిబరేట్లీ’ని కొట్టేస్తుంది: మానేశాను గానీ, కావాలని కాదు. మామూలుగా ముందున్నది తన తర్వాత ఉన్నదాన్ని ఏలుతుందని గుర్తుపెట్టుకోండి. మజా ఏమిటంటే తెలుగులో ‘నేను కావాలని రాలేదు’ అన్నది కూడా గోడ మీద పిల్లే. ‘కావాలనే రాలేదు’ అన్నామా, ఆ ఒక్క ‘ఏ’తో పిల్లి ఒక పక్కకి దూకేస్తుంది. ఇంకో పక్కకి దూకించాలంటే ‘కావాలని మానలేదు’ అని క్రియనే మార్చాలి.

తెలుగులో నిజంగా చిక్కొచ్చేది ఇంకో చోట ఉంది. ‘సోమవారం వస్తానని చెప్పాడు.’ చెప్పింది సోమవారమా, వచ్చేది సోమవారమా? మా ఊళ్లో ‘బేగి రమ్మన్నాడు’ అంటే తొందరపడాల్సింది వచ్చేవాడే అని తెలుస్తుంది. సోమవారానికి ఆ వెసులుబాటు లేదు. ఇంగ్లీషులోనూ ఇదే తంటా: ‘ది ఏజెంట్ సెడ్ ఆన్ మండే ది కార్గో వుడ్ అరైవ్.’ అక్కడ ‘దట్’ అనే మేకు ఒకటి ఉంది, వాడుకోండి. ‘సెడ్ ఆన్ మండే దట్ ది కార్గో వుడ్ అరైవ్’ అంటే చెప్పింది సోమవారం. ‘సెడ్ దట్ ది కార్గో వుడ్ అరైవ్ ఆన్ మండే’ అంటే చాలావరకు వచ్చేదే సోమవారం. ‘హి ఆస్క్‌డ్ అజ్ టు లీవ్ క్వయట్లీ’ కూడా ఈ కుటుంబమే. మేం చప్పుడు చెయ్యకుండా వెళ్లాలి. ‘హి క్వయట్లీ ఆస్క్‌డ్ అజ్ టు లీవ్’ అంటే ఆయన చెవిలో చెప్పాడు, మనం కుర్చీలు లాగుతూ వెళ్లినా ఫర్లేదు.

మరో తరహా మార్పు ఉంది, మనవాళ్లు దీన్ని ఎక్కువగా గమనించరు. వెనక ఉంటే పని ఎలా జరిగిందో చెప్పే మాట, ముందుకొస్తే చెప్పేవాడి అభిప్రాయం అయిపోతుంది. ‘హి డిడ్ నాట్ ఎక్స్‌ప్లెయిన్ ఇట్ క్లియర్లీ’ అంటే వివరించాడు, స్పష్టంగా వివరించలేదు. ‘క్లియర్లీ, హి డిడ్ నాట్ ఎక్స్‌ప్లెయిన్ ఇట్’ అంటే అసలు వివరించలేదన్నది తెలుస్తూనే ఉంది. ‘ఫ్రాంక్లీ’, ‘ఆనెస్ట్లీ’, ‘నేచురల్లీ’ ఇలాంటివే. ‘హి స్పోక్ ఆనెస్ట్లీ’లో నిజాయితీ అతనిది. ‘ఆనెస్ట్లీ, హి స్పోక్ ఫర్ యాన్ అవర్’లో నిజం చెబుతున్నది నేను, విసుక్కుంటున్నదీ నేనే. మొదట్లో పెట్టి కామా కొట్టారంటే మీరు వాక్యం బయట నిలబడి వ్యాఖ్యానం చేస్తున్నారన్నమాట. తెలుగులో దీనికి వేరే మాటలే ఉన్నాయి: నిజాయితీగా, నిజం చెప్పాలంటే. ఇంగ్లీషులో ఒకే మాట, రెండు కుర్చీలు.

ఇదంతా గుమాస్తాల గోలేలే అనుకోకండి. అమెరికా సుప్రీంకోర్టు 2009లో ఒక్క క్రియావిశేషణం ఎంతదూరం వెళుతుందో తేల్చాల్సి వచ్చింది. మెక్సికో నుంచి వచ్చిన ఒక కార్మికుడు ఇల్లినాయ్‌లో పనికోసం దొంగ కార్డులు ఇచ్చాడు. కార్డుల మీది నంబర్లు నిజంగా వేరేవాళ్లవి. ఇంకొకరి గుర్తింపుని ‘నోయింగ్లీ’, అంటే తెలిసి, వాడితే అదనంగా రెండేళ్ల జైలు వెయ్యాలని అక్కడి చట్టం. చట్టంలో వరస ఇలా ఉంది: ‘నోయింగ్లీ’, దాని తర్వాత బదిలీ చేయడం, దగ్గరుంచుకోవడం, వాడడం అనే క్రియలు, ఆ తర్వాత చివర్లో ‘ఇంకొక వ్యక్తి తాలూకు గుర్తింపు’ అన్న మాటలు. ‘నోయింగ్లీ’ క్రియల దగ్గరే ఆగిపోతుందని ప్రభుత్వం వాదించింది. దొంగ కార్డు వాడుతున్నానని తెలిస్తే చాలు, అది ఎవరిదో తెలియక్కర్లేదని. అది చివరిదాకా వెళుతుందని కోర్టు తేల్చింది. ఆ నంబరు నిజంగా వేరే మనిషిదని అతనికి తెలుసని రుజువు చెయ్యాలంది. ఫ్లోరెస్ ఫిగురోవా కేసు అంటారు దాన్ని. మన భాషలో అయితే ఈ పేచీ ఇంతదూరం వచ్చేది కాదేమో. ‘తెలిసి వాడాడు’ అంటే ఏం తెలిసి అని వెంటనే అడుగుతాం. ‘ఇంకొకరిదని తెలిసి వాడాడు’ అనో, ‘దొంగదని తెలిసి వాడాడు’ అనో పూర్తిచేస్తే గానీ వాక్యం నిలబడదు.

మిగతావి గబగబా. క్రియకీ దాని కర్మకీ మధ్య క్రియావిశేషణాన్ని దూర్చకండి. ‘షి స్పీక్స్ వెల్ ఇంగ్లిష్’ అనకూడదు, ‘షి స్పీక్స్ ఇంగ్లిష్ వెల్’. ‘నాకు ఇడ్లీ చాలా ఇష్టం’ని ‘ఐ లైక్ వెరీ మచ్ ఇడ్లీ’ చెయ్యకండి, ‘ఐ లైక్ ఇడ్లీ వెరీ మచ్’. ‘ఆల్వేస్’, ‘ఆఫెన్’, ‘నెవర్’ మామూలుగా అసలు క్రియకి ముందు, ‘ఈజ్’, ‘వాజ్’ లాంటివుంటే వాటికి వెనక. పోటీ పరీక్షలు రాసేవాళ్లకి: ‘నెవర్’, ‘ఓన్లీ ఆఫ్టర్’ లాంటివి వాక్యం మొదట్లో వస్తే ప్రశ్నలో లాగా క్రియ తిరగబడుతుంది, ‘ఓన్లీ ఆఫ్టర్ ది రెయిన్ డిడ్ దే స్టార్ట్’. కర్తకే తగిలిన ‘ఓన్లీ’ అయితే తిరగబడదు, ‘ఓన్లీ మై బ్రదర్ కేమ్’. ఇక ‘హార్డ్లీ’ చోటు గొడవ కాదు, వేరే మాటే. కష్టపడి అంటే ‘హార్డ్’, ‘హార్డ్లీ’ అంటే దాదాపు లేనట్టే. మా పక్కింటాయన కొడుకు బెంగుళూరులో కష్టపడి పనిచేస్తున్నాడని చెప్పాలని ‘మై సన్ హార్డ్లీ వర్క్స్’ అని పెళ్లిసంబంధం వాళ్లకి రాశాడు. సంబంధం తప్పిపోలేదు, వాళ్లకీ ఇంగ్లీషు అంతంతే.

ఇంక మీ మెయిలు. ‘ఆల్మోస్ట్’ని జరిపి ‘ఐ కంప్లీటెడ్ ఆల్మోస్ట్ ఆల్ టెన్ రిపోర్ట్స్’ అని మళ్లీ పంపొచ్చు, తప్పేం లేదు. కానీ మా శ్రీకాకుళం మేనేజరు గారయితే ఎర్ర పెన్సిలు తీసి ‘ఆల్మోస్ట్’ అంటే ఎన్ని బాబూ అని అడిగేవారు. లెక్క చేతిలో ఉన్నప్పుడు ‘దాదాపు’ ఎందుకు? ఇలా పంపండి: ‘నైన్ ఆఫ్ ది టెన్ రిపోర్ట్స్ ఆర్ కంప్లీట్. ది టెన్త్ విల్ రీచ్ యు బై థర్స్‌డే.’ గురువారం కాకపోతే ఏ వారమో అది వేసుకోండి, ఆ పదోది ఎంతవరకు వచ్చిందో నాకు తెలీదు కదా.